జారుముడి పడవ ముక్కుతో పాండిచ్చేరికి

యానాం వాళ్ళం పాండిచ్చేరి వాళ్ళమేనని కాగితాలన్నీ చెబుతాయి. నా ఆధార్ కార్డు మీద కూడా అదే ఉందట. అక్కడికి వెళ్ళాలంటే మాత్రం ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు పడుతుంది. యాభై ఎనిమిదేళ్ళు కాగితం మీద పాండిచ్చేరిలో బతికి, మొన్న మాఘమాసంలో మొదటిసారి వెళ్ళి చూసి వచ్చాను. మా వీధిలో అంతకుముందు వెళ్ళొచ్చిన మగవాళ్ళు చెప్పేవి రెండే: సముద్రం, బ్రాందీ షాపులు. ఆ రెండూ మనకు ఇక్కడే ఉన్నాయి. అందుకని మిగతాది నేను చెబుతున్నాను. మా అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు మీద కాకినాడ అనే మాట గుర్తుపడతాను, అంతవరకే.

నేను వెళ్ళింది తీర్థానికి కాదు. ఒక పడవ ముక్కు పట్టుకుని వెళ్ళాను.

ఫరంపేట

మా ఆయన ఇక్కడే, యానాంలోని మా ఫరంపేటలో, ఫైబర్ పడవలు కట్టేవాడు. తేనెలా ఉండే రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డనర్ కలిపి, అచ్చులో గాజుబట్ట పరిచి, బ్రష్షుతో పూసి, మళ్ళీ బట్ట పరిచి, మళ్ళీ పూస్తాడు. కాసేపటికి అది రాయి అయిపోతుంది. లోపల కంటికి కనబడని ముళ్ళు పడతాయని చెప్పేవాడు. మామూలు రెజిన్‌లో పడేవి పీటముళ్ళు. వాటిని ఇక ఎవరూ విప్పలేరు. అందుకే ఫైబర్ పడవ విరుగుతుంది గానీ పోదు. కాలిస్తే నల్లటి పొగ, పాతిపెడితే పాతిపెట్టినట్టే ఉంటుంది. మా ఏటి గట్టున విరిగిన పడవల్లో ఒకటి కోళ్ళగూడు, ఒకటి మేకల కుడితి తొట్టి. ఒకటి నిలబెట్టి మా పక్కింటివాళ్ళు స్నానాలదొడ్డికి గోడ చేసుకున్నారు.

ఆయన పోవడానికి ఏడాది ముందు పాండిచ్చేరి నుంచి ఒక కాలేజీ వాళ్ళు వచ్చి కొత్తరకం రెజిన్ డబ్బాలు ఇచ్చి వెళ్ళారు. గట్టిపడడంలో తేడా లేదు. బాగా వేడి చేస్తే మాత్రం లోపలి ముళ్ళు విడిపోయి రెజిన్ రెజిన్‌గా, గాజుబట్ట గాజుబట్టగా వచ్చేస్తాయట. “ఇది జారుముడే సత్తెమ్మా, లాగితే వచ్చేత్తది. లాగేది సెయ్యి కాదు, వేడి,” అన్నాడు ఆయన. దానితో చిన్న పడవ కట్టి తిప్పుకోవచ్చు, పాడయ్యాక తమకు కబురు పెట్టాలి. కాలేజీ వాళ్ళతో ఒప్పందం అదీ.

కొత్త పడవ ముక్కులో పిసరంత బంగారం పెట్టడం మా ఇళ్ళలో అలవాటు. చెక్క పడవైతే వడ్రంగి పలక కింద పెట్టి మేకు కొట్టేస్తాడు. ఫైబర్ పడవకు పొరల మధ్య పెట్టాలి. మా ఇంట్లో బంగారమంటే నా మెడలో ఉన్న రెండు పుస్తెలే. ఒకటి పుట్టింటివాళ్ళు చేయించింది, ఒకటి అత్తింటివాళ్ళు చేయించింది. ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టి, దాని చోట పసుపు కొమ్ము కట్టుకున్నాను. సాయంత్రం వచ్చి “పెట్టేసేను,” అన్నాడు. నేను కళ్ళతో చూడలేదు. మొగుడి మాట కదా, కళ్ళతో చూడాలని అప్పుడు తోచలేదు.

ఏడాది తిరిగేసరికి ఆయన గుండె ఆగి పోయాడు. పదకొండో రోజు నా మెడలోవి తీస్తే పుస్తె ఒక్కటే ఉంది. మా అన్నయ్య కనకాలపేట నుంచి వచ్చి ఉన్నాడు. ఇది మా ఇంటిదేనని గుడ్డలో చుట్టుకున్నాడు. అప్పుడు మా ఆడపడుచు, ఆయనకు అక్క, నూకాలమ్మ వదిన అందరి మధ్యా అడిగింది.

“మరి మా ఇంటిదేదే?”

“పడవలో ఉంది వదినా.”

దినానికి వచ్చినవాళ్ళు నవ్వకూడదు గనక అందరూ తలలు దించుకున్నారు.

అది మొదలు మూడేళ్ళు మా వీధిలో నేను మొగుడింటి పుస్తె అమ్ముకు తిన్నదాన్ని. కుళాయి దగ్గర వరసలో నిలబడ్డా, రేషన్‌షాపుకు వెళ్ళినా ఆ మాట నాకంటే ముందే వెళ్ళి కూర్చునేది. పడవ పగలగొట్టి చూపిద్దామంటే నా తిండి దాని మీదే. వేటగాళ్ళకు అద్దెకిచ్చి బతుకుతున్నాను. పైగా వేడికి విడిపోతుందని ఆయన చెప్పాడు గనక మూడు వేసవులు దాన్ని కంటికి రెప్పలా చూశాను. మధ్యాహ్నం కాగానే తడి గోనెలు కప్పి, గంటకో బిందె నీళ్ళు పోసేదాన్ని. మా వీధివాళ్ళు దానికి పేరు కూడా పెట్టారు, సత్తెమ్మ గేదె అని.

పోయిన వరదల్లో పడవ తాడు తెగి వెళ్ళి వంతెన స్తంభానికి కొట్టుకుని నడుం విరిగింది. కాలేజీకి ఫోను చేయిస్తే, “ముక్కు మాత్రం కోసి తీసుకురండి, పగలగొట్టొద్దు, మేమే వేడి చేసి విప్పుతాం,” అన్నారు. విప్పుతాం అనే మాట చెవిన పడగానే నూకాలమ్మ వదిన సంచీ సర్దుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

“నేనూ వత్తాను. నేను సూడకపోతే నువ్వు అక్కడ బజార్లో కొని తెచ్చి దొరికిందంటావు.”

“రా వదినా. టిక్కెట్టు ఎవరిది వాళ్ళదే.”

కాకినాడ నుంచి రైలు

ముక్కు గుమ్మడికాయంత ఉంది, బరువు చంటిపిల్లంత. పాత పసుపు చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పసుపు చీర చుట్టడం నేను చేసిన పొరపాటు. తుని వాళ్ళట, ఒకావిడ ఎదురుగా కూర్చుని మూటను చూస్తూ చూస్తూ చెప్పులు విప్పేసింది.

“ఏ అమ్మవారండి?”

“అమ్మవారు కాదమ్మా, పడవ ముక్కు.”

“గంగమ్మ తల్లా,” అని తలలోంచి బంతిపువ్వు తీసి మూట మీద పెట్టి దండం పెట్టుకుంది. కాదని చెప్పేకొద్దీ ఆవిడకు భక్తి ఎక్కువైంది. రాజమండ్రి దాటేసరికి మూట మీద మూడు పువ్వులు, ఒక పది రూపాయల నోటు చేరాయి. టిక్కెట్టు చూసే ఆయన వచ్చి మూటలో ఏముందని అడగబోయి, పువ్వులు చూసి ఊరుకున్నాడు. ఆ నోటు వదిన తీసి జాకెట్లో దోపుకుంది. “ఆచారం పెకారం ఆడపడుచుది,” అంది. ఏ ఆచారమో నాకు తెలియదు.

రైల్లో టీ పదిహేను రూపాయలు. గ్లాసు ఉగ్గుగిన్నెంత ఉంటుంది. అందుకే అన్నం మూట మేమే తెచ్చుకున్నాం. నేను మాగాయ కలిపి తెచ్చాను, వదిన ఎండు నెత్తళ్ళ వేపుడు తెచ్చింది. ఆవిడ మూత తీసిన మరుక్షణం ఆ పెట్టెలో కిటికీలన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. తుని ఆవిడ మాత్రం ముక్కు మూసుకుంటూనే అమ్మవారికి ఇంకో దండం పెట్టింది.

తిన్నాక వదిన మూటను తట్టి చూసింది. “మోగటంలా,” అంది.

“పొరల మధ్య ఉన్నది ఎలా మోగుతుంది వదినా?”

“ఉంటే గదా.”

ఆ మాట అని, మూట తన ఒళ్ళోకి తీసుకుని నిద్రపోయింది. కింద పడిపోతుందని కొంగుతో నడుముకు కట్టుకుని మరీ పడుకుంది.

పాండిచ్చేరి

తెల్లారి రైలు దిగి, బస్సెక్కి, ఎండ ముదిరేసరికి పాండిచ్చేరి చేరాం. మన రాజధాని కదా, గుర్తుపడతారనుకున్నాను. ఆటో అతనికి కాస్త తెలుగు వచ్చు.

“ఆంధ్రావా అమ్మా?”

“కాదు బాబూ, మీదే. యానాం.”

“యానాం అంటే కేరళా పక్కన గదా?”

“అది మాహే. మాది గోదారి పక్కన.”

“గోదారి ఆంధ్రా గదా,” అన్నాడు. ఆధార్ కార్డు తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, “మన ఊరే,” అని ఒప్పుకున్నాడు. కిరాయి మాత్రం ఆంధ్రావాళ్ళకు చెప్పేదే చెప్పాడు, రెండొందల యాభై.

అక్కడ వీధులు గీత గీసినట్టున్నాయి. గోడలకు పసుపు రంగు, గుమ్మాల ముందు సైకిళ్ళు. ఫోటోలు తీసుకునేవాళ్ళు ఎక్కడపడితే అక్కడ నిలబడిపోతున్నారు. ఒక పిల్ల గోడకు ఆనుకుని, అది ఎవరి ఇంటి గోడో ఏమో, పావుగంట నవ్వింది. సముద్రం ఒడ్డున నల్లరాళ్ళు పోసి, నడిచేవాళ్ళకు రోడ్డు వేశారు. చేపల వాసన లేని సముద్రాన్ని నేను అక్కడే చూశాను. వదినకు నచ్చలేదు. “నీళ్ళు కడిగినట్టున్నాయి,” అంది.

వాసన కావాలంటే ఇంకా కిందికి, రేవు దగ్గరికి వెళ్ళాలి. భోజనం అక్కడే చేశాం. చేపల కూర, అన్నం నూట ఇరవై. పులుసులో కొబ్బరి వేస్తారు. మన పులుసు నాలుక మీద నిలబడుతుంది, వాళ్ళది పడుకుంటుంది. అన్నం మాత్రం చాలనేదాకా పెడతారు. వదిన చాలనలేదు.

రేవులో విరిగిన ఫైబర్ పడవలు గుట్టగా పడి ఉన్నాయి. ఒకదానిలో కుక్క పిల్లల్ని పెట్టింది. చూడగానే మన ఊరు వచ్చినట్టనిపించింది. అక్కడ చేపలమ్మే సెల్వి అనే ఆవిడ నా మూట చూసి ఏమిటని సైగ చేసింది. విప్పి చూపించాను. “పడగు,” అంది. మనం పడవ అంటాం, అంతే తేడా. ఇందులో ఏముందని అడిగితే, వదిన మెడ దగ్గర చెయ్యి పెట్టి, రెండు వేళ్ళు చూపించి, ఒక వేలు మడిచింది. సెల్వి తన పసుపుతాడు పైకి తీసి చూపించింది. వాళ్ళకు తాళి ఒక్కటేనట. మొగుడింటివాళ్ళదే. పుట్టింటిది ఉండదు.

“సూసేవా,” అంది వదిన నా వైపు తిరిగి. “ఇక్కడ అన్నీ మొగుడింటియ్యే. గొడవే లేదు.”

“ఒక్కటే ఉంటే పడవలోకి ఏదిత్తారు వదినా?”

వదిన సెల్వి వైపు తిరిగి రొయ్యలు బేరం చేసింది. కొనడానికి కాదు. మనకంటే కిలోకు ఎంత ఎక్కువో తెలుసుకుని బాధపడడానికి.

కాలేజీ

కాలేజీలో ఈ రెజిన్ పని చూసే కవిత మేడమ్‌ది నెల్లూరు వైపు. తమిళాయన్ని చేసుకుందట. మమ్మల్ని చూడగానే తెలుగు మాట్లాడే సంబరం ఆవిడకే ఎక్కువ.

“రాండమ్మా, ఎండలో వచ్చారే. పడవ ఎట్ల చూసుకున్నారు ఇన్నేళ్ళు?”

తడి గోనెల సంగతి చెప్పాను. రోజూ బిందెలు పోసిన సంగతీ చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

“ఎండకేం కాదమ్మా. పూరీలు వేగే నూనె ఉంటదే, దానికన్నా ఎక్కువ వేడి కావాల. మీ గోదావరి ఎండలు దీనికి చలికాలం.”

వదిన గోడ పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. “మూడేళ్ళు... గేదెకి...” అంటుంది, మాట పూర్తికాదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నీళ్ళు మోసిన నడుం నాది.

మేడం ఒక పలకంత ముక్క చూపించి విడమరిచి చెప్పింది. మామూలు రెజిన్ ఉడికిన గుడ్డు లాంటిది, మళ్ళీ సొన కాదు. ఇది బెల్లం అచ్చు లాంటిది, వేడి తగిలితే మళ్ళీ పాకం. పాకాన్ని ఇంకో అచ్చులో పోసుకోవచ్చు. ఉప్పునీళ్ళలో ఇన్నేళ్ళు నానాక కూడా ఆ గుణం నిలిచిందా లేదా అన్నది ఆవిడకు కావాలి. బంగారం మాట నేను ఎత్తలేదు. చెబితే వేడి చెయ్యనంటుందేమోనని భయం. వదిన కూడా ఎత్తలేదు. మేమిద్దరం మూడేళ్ళలో ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

ముక్కును ఇనుప బీరువా లాంటి పొయ్యిలో పెట్టి తలుపు వేశారు. రాత్రంతా ఉండాలన్నారు. పొద్దున్నే రమ్మన్నారు.

మర్నాడు

ఆ రాత్రి పడుకున్న సత్రంలో నాకు ఒకటే ఆలోచన. ఉంటే సరే. లేకపోతే ఆయన నాకు అబద్ధం చెప్పినట్టు. వీధి నన్ను దొంగ అన్నదానికి మూడేళ్ళు ఓర్చుకున్నాను గానీ, దానికి ఓర్చుకోగలనో లేదో తెలియలేదు. పక్క మంచం మీద వదిన కూడా అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. దోమలన్నాను. అవునంది.

పొద్దున్న వెళ్ళేసరికి బల్ల మీద తట్టలో పెట్టి ఉంది. ఆయన చెక్కినట్టు కట్టిన ముక్కు ఆకారం పోయి, నీరుకావి రంగు గాజుబట్ట ముద్దగా వాలిపోయింది. కిందికి కారిన రెజిన్ సీసాలో పట్టారు. ముదురు టీ డికాక్షన్‌లా ఉంది. మేడం చిన్న పట్టకారులాంటి చిమ్మటాలతో బట్టను ఒక్కో పొరే లేపుతోంది. మన ఆత్రేయపురం పూతరేకు విప్పినట్టే వస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు. నేను ఆయన బ్రష్షు ఆడిన దారులు చూస్తున్నాను. వదిన తట్టనే చూస్తోంది.

అయిదో పొర కింద ఎర్రగా కమిలిన గుడ్డముక్క కనబడింది. మేడం చిమ్మటాలు ఆగిపోయాయి.

“ఇదేందమ్మా?”

“పసుపు గుడ్డ,” అన్నాను.

“పసుపైతే ఎరుపుందేంది?” అని తనే అడిగి తనే చెప్పింది. “హార్డనర్ తగిలింది గదా. సున్నం తగిలినట్టే. పారాణి అయింది.”

గుడ్డ మడత విప్పింది. అందులో పుస్తె ఉంది.

నేను స్టూలు మీద కూర్చున్నాను. మేడమ్‌కు మాత్రం కోపం వచ్చింది. “నమూనాలో బంగారం పెడితే ఎట్లమ్మా? నిన్న పొయ్యిలో పెట్టే ముందు ముక్కు బలం కొలిస్తే ఒక్క చోట లెక్క తేడా వచ్చి తల పట్టుకున్నా. చెప్పుండాల గదా.” క్షమించమన్నాను. పుస్తకంలో ఏదో రాసుకుంది. ఏం రాశావమ్మా అని అడిగితే, బయటి వస్తువు అని రాసిందట.

వదిన అప్పటికే దాన్ని తీసుకుని కొంగుతో తుడుస్తోంది. “ఉంది,” అంది. “పెట్టేడు. ఎదవ, నిజంగానే పెట్టేడు. ఆడు ఎక్కడో తగలేసి ఈ పిల్లకి కత సెప్పేడని భయపడి సచ్చేను.”

అప్పుడు తెలిసింది నాకు, ఆ మూడేళ్ళు ఆవిడ అనుమానం నా మీద ఒక్కదాని మీదే కాదని. తమ్ముణ్ణి అనలేక నన్ను అంది.

“మా నాన్న సేయించిందే,” అని పుస్తెను కళ్ళకద్దుకుని, లైటు కింద అటూ ఇటూ తిప్పుతోంది. వెనక వైపు తిరిగినప్పుడు నాకు కనబడింది. రెండు వాలుగీతలు, వాటి మీద ఒక అడ్డగీత. మా నాన్న తన వల బెండ్లన్నిటి మీదా కోసుకునే గుర్తు. నా పెళ్ళికి పుస్తె చేయించినప్పుడు కంసాలి చేత దాని వెనక కూడా అదే గీయించాడు, సముద్రంలో తప్పిపోతే తిరిగొస్తుందని వేళాకోళానికి. ఏళ్ళ తరబడి పసుపు పట్టేసి ఆ గీతలు ఎవరికీ కనబడలేదు, నాకు కూడా. ఆ రోజు చేతికి ఏది దొరికితే అది తీసి ఆయనకు ఇచ్చాను.

నోరు మూసుకుని ఉంటే అక్కడితో పోయేది. ఉండలేకపోయాను.

“వదినా, ఇది మా నాన్నదే.”

గీతలు చూపించాను. ఆవిడ వాటి మీద వేలు పెట్టి తడిమింది. లెక్క ఆవిడ మొహంలో మెల్లగా ఎక్కడం నేను చూస్తూనే ఉన్నాను.

“అయితే మీ అన్న అట్టుకెల్లింది...”

“మీదే.”

“ఇప్పుడెక్కడుంది?”

“కనకాలపేటలో. రెండు చెవులకీ ఉంది.”

మా అన్నయ్య మా ఆయన దినాలైన నెలలోనే దాన్ని కరిగించి మనవరాలికి దిద్దులు చేయించాడు. చెవులు కుట్టిన రోజు ఊరందరినీ పిలిచాడు. నూకాలమ్మ వదిన కూడా వెళ్ళింది. కోడిపలావు రెండుసార్లు వడ్డించుకుంది. ఆ పిల్ల చెవులు పట్టుకుని, దిద్దులు ఎంత బాగున్నాయో, ఎంత బరువుగా ఉన్నాయోనని నలుగురిలో మెచ్చుకుంది. అక్షింతలు కూడా వేసింది.

మేడమ్‌కు మా మాట సగం అర్థమై సగం కాలేదు. మధ్యలో సీసా ఎత్తి చూపించింది, మమ్మల్ని చల్లబరచడానికి కాబోలు. ఆయన వేసిన ముళ్ళన్నీ విడిపోయి ఆ సీసాలో ఉన్నాయి. “దీంతో మళ్ళీ కట్టొచ్చమ్మా,” అంది.

“ఎవరు కడతారు?” అని అడిగాను.

“ఎవరైనా. పని తెలిసినోళ్ళు.”

సీసా వెచ్చగా ఉంది. కాసేపు పట్టుకుని ఇచ్చేశాను.

తిరుగు బస్సు

పుస్తె వదిననే ఉంచుకోమన్నాను. వాళ్ళది మా వాళ్ళ దగ్గరుంటే మాది వాళ్ళ దగ్గర ఉండడమే సమంగా ఉంటుందని చెప్పాను. వద్దంటుందని కొంచెం ఆశపడ్డాను. అనలేదు. కొంగుకు ముడేసుకుని, రైలు ఆగిన ప్రతి స్టేషన్లోనూ తడిమి చూసుకుంది. రైల్లో నాకు టీ ఇప్పించింది. పదిహేను రూపాయలు తనే ఇచ్చింది.

కాకినాడలో దిగి యానాం బస్సెక్కాక, నీలపల్లి వస్తుండగా నా మోచెయ్యి పట్టుకుంది.

“సత్తెమ్మా, పుత్తె దొరికిందని నేనే సెప్తాను వీధిలో. కుళాయి కాడ నుంచోని మరీ సెప్తాను. నిన్ను మాటన్నోళ్ళందరి సేతా లెంపలేయిత్తాను.”

“మొదట అన్నది నువ్వే వదినా.”

“అదే సెప్తన్నాను. ఆ దిద్దుల సంగతి మాత్రం వద్దు. నేను పలావు తిని, మెచ్చుకుని, అచ్చింతలేసిన సంగతి ఎవరి దగ్గరా నోరెత్తకు.”

“నోరెత్తను,” అని ఒట్టేశాను.

వదిన అన్న మాట నిలబెట్టుకుంది. మర్నాడే కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. నేనూ నిలబెట్టుకున్నాను. మా వీధిలో ఇవాళ్టికీ ఆ పలావు మాట ఒక్కరి దగ్గర కూడా నోటితో అనలేదు. రాయించవద్దని వదిన నన్ను అడగలేదు. నాకు రాయడం రాదని ఆవిడ ధైర్యం.